రాజుగారి అరగంట

ఇంగ్లండులో ఒక పల్లెటూరు ఉంది. నేను చూడలేదు, ఈ వయసులో ఇక చూడబోను. అయినా ఆ ఊరి గోడలు ఏ రంగు రాయితో కట్టారో చెప్పగలను. చెమ్మ తగిలిన పాత బెల్లం రంగు. చర్చి కూడా ఆ రాయితోనే కట్టారు. వందల ఏళ్ళ కిందట ఒకసారి తగలబడిందట, లోపల రాళ్ళకు ఆ సెగ తగిలిన ఎరుపు ఇంకా పోలేదట. ఊరి పేరు నా నోట తిరగదు. తోడేళ్ళకు సంబంధించిన పేరట. ఊళ్ళో ఒక స్తంభం మీద బొమ్మ చెక్కి నిలబెట్టారు. అందులో ఒక మనిషి తన చెయ్యి తోడేలు నోట్లో పెట్టి ఉంటాడు. దాని ఫొటో నా ట్రంకు పెట్టెలో ఉంది.

నాలుగో తరగతితో బడి మానేసిన నాకు ఇవన్నీ తెలియడానికి కారణం నా కోడలు.

అది రెండువేల సంవత్సరం. మేము సింగపూరులో, బుకిట్ పంజాంగ్ అనే పేటలో తొమ్మిదో అంతస్తు ఫ్లాటులో ఉండేవాళ్ళం. కొడుకూ కోడలూ ఇద్దరిదీ కంప్యూటర్ల పని. రెండువేలు వస్తే కంప్యూటర్లు తారీఖులు తప్పుతాయని అందరూ భయపడిన రోజుల్లో, ఆ తారీఖులు సరిచేసే పనిలో పడి మా అబ్బాయి ఇంట్లో కనపడేవాడు కాదు. ఆ గండం గడిచాక కోడల్ని వాళ్ళ ఆఫీసు ఆరు నెలలకని ఇంగ్లండు పంపింది. పనిచేసే టౌనులో అద్దెలు ఎక్కువని, దగ్గర్లోని ఈ పల్లెలో ఒక ముసలావిడ ఇంట్లో గది తీసుకుంది. ఆ పని మెచ్చుకున్నాను. పైకి చెప్పలేదు.

తొమ్మిదేళ్ళ కూతుర్ని నాకు వదిలి వెళ్ళింది కదా, ఆ పిల్లకు వారం వారం ఉత్తరం రాసేది. ఫొటోలు, పిక్చరు కార్డులు పెట్టేది. ఉత్తరాలు ఇంగ్లీషులో ఉండేవి. బడి నుంచి వచ్చి యూనిఫాం మార్చుకున్నాక, నేను కూర తరుగుతుంటే, నా మనవరాలు వంటింటి గుమ్మంలో కూర్చుని చదివి వినిపించేది. దాని తెలుగు సగం తెలుగు, ముప్పాతిక సింగపూరు. లెక్క కుదరదని నాకూ తెలుసు, దాని మాట అలాగే ఉండేది.

ఆ ఊరికి దగ్గర్లోనే రాజుల బంగళా ఉందట. శీతాకాలం వేటకనీ పండగకనీ రాజకుటుంబం అక్కడికి వచ్చేది. వాళ్ళు దిగే రైలు స్టేషను ఈ ఊళ్ళో ఉంది. రాజులూ రాణులూ కూర్చోడానికి విడిగా గదులు కట్టారు, గోడలకు చెక్క పలకలు తాపడం చేశారు. ప్లాట్‌ఫారం మీద దీపస్తంభాలకు చిన్న చిన్న కిరీటాలు పెట్టారు. రైళ్ళు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. పట్టాలు తీసేశారు. కిరీటాలు మాత్రం ఉన్నాయి.

"అంత రిచ్ కదా నానమ్మా, స్టిల్ మస్ట్ వెయిట్ ఫర్ ట్రైన్ అహ్?" అంది నా మనవరాలు.

"రైలుకేం తెలుసే రాజని. చదువు."

కోడలు గ్రానీ అని రాసే ఆ ముసలావిడ తండ్రి ఆ స్టేషనులోనే పోర్టరుగా చేసేవాడట. అందుకని ఆమెకు ఆ కబుర్లన్నీ తెలుసు. రాజులు చనిపోయినప్పుడు శవపేటిక కూడా ఆ స్టేషనుకే వచ్చేది. పండగకు దిగిన మెట్ల మీదుగానే చివరి ప్రయాణానికి ఎక్కించేవారు. అది విన్నప్పటి నుంచి ఆ ఊరు నాకు బొమ్మల్లో ఊరు కాకుండా పోయింది. పట్టాలు లేని ప్లాట్‌ఫారం మీద ఎవరో నిలబడి ఉన్నట్టు, నేను చూడని చోటు పగటిపూట కూడా నా కళ్ళ ముందుకు వచ్చేది.

మా ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు కావస్తోంది. ఈ దేశంలోనే, ఈ ఫ్లాటులోనే పోయారు. కార్తీక బహుళ తదియ అని పంతులుగారు తిథి లెక్కకట్టి చెప్పారు. ఏడాదిపాటు నెల నెలా తదియ నాడు మాసికం పెట్టించాం. ఏడాది తిరగ్గానే ఆబ్దికం పెట్టించాం. వంటలో, మడిలో నేను ఒక్క లోటు రానివ్వలేదు.

ఒక్కటి మాత్రం కుదరలేదు. కాకి ముట్టేది కాదు. ఇక్కడ పక్షులకు తిండి పెడితే జరిమానా వేస్తారు. ఎవరైనా చూసి రాసుకుపోతారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ మా అబ్బాయి కింద పచ్చికలో ఆకు పరిచి ముద్ద పెట్టి నిలబడేవాడు. ఒక్క కాకీ వాలేది కాదు. చివరికి గోరింకలు తినేవి. తీరా మర్నాడు, వంట కూడా మామూలు పప్పూ కూరా అయిన రోజున, ఒక కాకి వచ్చి వంటింటి కిటికీ బయట బట్టలారేసే వెదురుగడ మీద కూర్చునేది. అరిచేది కాదు. మెడ పక్కకు తిప్పి నన్నే చూసేది.

"నిన్న పెడితే రాలేదు. ఇవాళ తయారయ్యావా" అని గరిటెతో గడ మీద కొట్టి తోలేదాన్ని. ఒకసారి కాదు, చాలా నెలలు తోలాను.

ఇక గడియారం సంగతి చెప్పాలి. సింగపూరు వచ్చిన నెలలోనే హాల్లో గోడ గడియారాన్ని నేను అరగంట ముందుకు తిప్పాను. మా అబ్బాయికి చిన్నప్పటి నుంచీ దేనికైనా ఆఖరి నిమిషం. రోజూ చొక్కా గుండీలు లిఫ్టులో పెట్టుకుంటూ బస్సు కోసం పరిగెత్తేవాడు. అరగంట ముందుంటే అంతా సర్దుకుంది. పొద్దున గీజరు అరగంట ముందు ఆగేది, ఏసీ కూడా అంతే. కొన్నాళ్ళకు ఇంట్లో అందరూ ఆ గడియారం చూడగానే మనసులో అరగంట తీసేసుకోవడం నేర్చుకున్నారు. అది నాకు తెలిసినా మార్చలేదు. తీసేసుకునేంత సేపైనా వాళ్ళు టైము గురించి ఆలోచిస్తారని.

మా ఆయన నవ్వేవారు. "నీ గడియారం చూసుకుని యముడు ముందే వచ్చేస్తే, నా అరగంట ఎవరిస్తారే?" అనేవారు. ఆయన మాటలకు నాకు నవ్వే అలవాటు లేదు.

ఆ ఏడాది దసరా సెలవులు ఇండియాలో అయిపోయిన రోజుల్లో, ఇక్కడ సాయంత్రం వానలు మొదలైనప్పుడు, ఒక ఉత్తరం వచ్చింది. నేను బెండకాయలు తరుగుతున్నాను.

"నానమ్మా, దిస్ కింగ్ సేమ్ లైక్ యూ లా" అంది పిల్ల, చదువుతూనే నవ్వుతూ. "బంగళాలో క్లాకులన్నీ హాఫ్ అవర్ ఫాస్ట్ పెట్టించాడంట."

"ఎందుకట?"

"హంటింగ్‌కి. మార్నింగ్ లైట్ వేస్ట్ అవకూడదని."

"బుద్ధిమంతుడు" అన్నాను. పొద్దుటి వెలుగును పొదుపు చేసినవాడు రాజైనా నాకు నచ్చాడు.

"గ్రానీ వాళ్ళ డాడీకి టూ వాచెస్ అంట. ఒక పాకెట్‌లో కింగ్ టైమ్, ఇంకో పాకెట్‌లో ట్రైన్ టైమ్. కన్‌ఫ్యూజ్ అవ్వడా?" అని అది పేజీ తిప్పింది. "ఆ కింగ్ పోయాక అతని సన్ కూడా సేమ్ అలాగే ఉంచాడంట. తర్వాత ఈ సన్ సిక్ అయిపోయి, డయింగ్ అప్పుడు, టైమ్ మిక్సప్ అయ్యిందంట. ఏ క్లాక్ కరెక్టో తెలీక. అప్పుడు అతని సన్ ఉన్నాడు కదా, న్యూ కింగ్, సో యాంగ్రీ. సేమ్ డే అన్ని క్లాకులూ వెనక్కి తిప్పించేశాడంట."

"ఏం మిక్సప్పు?"

"లెటర్‌లో లేదు."

"ఆ ముక్క మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది. మూడోసారి కూడా చదవమన్నాను. పిల్ల విసుక్కుని ఉత్తరం నా ఒళ్ళో పడేసి టీవీ దగ్గరికి పోయింది. ఆ అక్షరాలు నేను చదవలేను. అయినా ఆ కాగితాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఆయన పోయిన రోజు నేను గుర్తు చేసుకోవడం మానేసిన రోజు. ఆస్పత్రి నుంచి వచ్చి వారమైంది, హాల్లోనే మంచం వేశాం. కోడలు సెలవు పెట్టి ఇంట్లో ఉంది. పొద్దున ఒక కాఫీ తాగారు. మళ్ళీ కాసేపటికి, "ఇంకో చుక్క కాఫీ ఇవ్వవే" అన్నారు. తలెత్తి గడియారం చూశాను. పదకొండూ ఇరవై. "అన్నం వేళకు కాఫీ ఏమిటి, ఆకలి చచ్చిపోతుంది. పావుగంటలో వడ్డిస్తాను" అని వంటింట్లోకి వెళ్ళాను. అన్నం వార్చి చారు తిరగమోత పెడుతుంటే కోడలు పిలిచింది. దాని చేతిలో ఆయన చెయ్యి ఉంది. ఆఖరి శ్వాస అది చూసింది, నేను చూడలేదు. అది తల పైకెత్తి గోడకేసి చూసి, క్యాలెండరు కాగితం మీద టైము రాసింది. మా అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చి, ఆ కాగితం చూసి, పంతులుగారికి ఫోను చేశాడు.

ఆ కాగితం మీద ఏ గడియారం టైము ఉంది? రెండేళ్ళలో నాకు ఈ ప్రశ్న ఒక్కసారి కూడా రాలేదు. ఎవరో రాజు చావు కబురు వింటే గాని రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం మా అబ్బాయి చేత ఇంగ్లండుకు ఫోను కలిపించాను. అక్కడ పొద్దున. నేను దూరాభారం ఫోనుల్లో ఎక్కువ మాట్లాడే మనిషిని కాదని కోడలికి తెలుసు, కంగారు పడింది.

"ఏమైంది అత్తయ్యా? పిల్ల బాగానే ఉందా?"

"అందరం బాగున్నాం. మీ మామయ్యగారు పోయిన రోజు టైము రాశావే, ఏ గడియారం చూశావు?"

"హాల్లో గోడ గడియారమే. పదకొండూ నలభై. మీ అరగంట తీసేసి పదకొండూ పది అని రాశాను."

"తీసేసే రాశావా? ఖాయమా?"

"ఆ ఇంట్లో తీసెయ్యకుండా నేను ఏ రోజైనా టైము చూశానా అత్తయ్యా? ఈ గ్రానీ చెప్తుంటే మీరే గుర్తొచ్చారు, నవ్వొచ్చింది, అందుకే పిల్లకు రాశాను. ఎందుకు అడుగుతున్నారు?"

నేను రిసీవరు చెవికి ఆనించుకునే కొడుకు వైపు తిరిగాను. పేపరు చదువుతున్నాడు.

"ఆ రోజు పంతులుగారికి ఏ టైము చెప్పావురా?"

"పదీ నలభై."

"కాగితం మీద ఏముంది?"

"పదకొండూ పది. అది నీ గడియారం టైము కదా, అరగంట తీసేసి..." అంటూ ఆగిపోయాడు. పేపరు మడిచి పక్కన పెట్టాడు. "తను అప్పటికే తీసేసిందా?"

"ఊళ్ళో కంప్యూటర్లన్నిటికీ తారీఖులు సరిచేశావు గదరా" అన్నాను.

వాడు తల వంచుకున్నాడు. ఆ మాట అని ఉండాల్సింది కాదు. తిప్పిన చెయ్యి నాది. వాళ్ళిద్దరూ ఎవరికి వారు జాగ్రత్తగా నా తప్పు దిద్దారు. రెండుసార్లు దిద్దడంతో అది మరో తప్పయింది.

మర్నాడు ఇద్దరూ బడికీ ఆఫీసుకూ వెళ్ళాక, స్టూలు ఎక్కి గడియారం దించాను. ముల్లు వెనక్కి తిప్పాను. పదకొండూ నలభై నుంచి పదకొండూ పదికి. మళ్ళీ గోడకు తగిలించి, మంచం ఉన్న చోట ఇప్పుడు వేసిన సోఫాలో కూర్చున్నాను. ఒకసారి అయిపోయిన అరగంట ఆ ఇంట్లో రెండోసారి మొదలైంది. మా లెక్క ప్రకారం ఆయన పోయింది పదీ నలభైకి. ఆయన కాఫీ అడిగింది అసలు టైములో పదీ యాభైకి. అంటే పంతులుగారి పుస్తకంలో చచ్చిపోయి పది నిమిషాలైన మనిషి నన్ను కాఫీ అడిగారు, నేను లేదన్నాను. పోనీ పదీ యాభై అన్నం వేళా? ఇంకో కాఫీకి బోలెడంత సమయం ఉంది. అందర్నీ తొందరపెట్టడానికి నేను పెట్టిన అరగంటను ఆ రోజు నేనే నమ్మాను. ముల్లు తిరుగుతుంటే వెనక మెత్తగా దగ్గినట్టయింది. ఆయన నా దృష్టి కోసం అలా దగ్గేవారు. వెనక్కి తిరగలేదు. పదకొండూ నలభై దాటే దాకా అలాగే కూర్చున్నాను.

మధ్యలో పిల్ల చేత ఉత్తరం రాయించాను. ఆ రాజు దగ్గర జరిగిన పొరపాటు ఏమిటో, రాణి ఏం చేసిందో ఆ ముసలావిడను అడగమన్నాను. జవాబు వచ్చింది. పొరపాటు ఏమిటో ఆమెకు తెలియదట, అప్పుడు చిన్నపిల్ల. శవపేటికను ఫిరంగి బండి మీద స్టేషనుకు తెచ్చారు, దాని వెనక రాజుగారు వేటకు ఎక్కే తెల్లటి పొట్టి గుర్రాన్ని నడిపించారు. దాని మీద ఎవరూ లేరు. అది ఆమె కళ్ళారా చూసింది. గడియారాలు సరిచేశాక కూడా వాళ్ళ నాన్న కొన్నాళ్ళు రెండు వాచీలకూ కీ ఇస్తూనే ఉండేవాడట, చెయ్యి అలవాటు పడి. రాణి సంగతి ఆమె ఏమీ చెప్పలేదు. పక్కనే కూర్చున్న భార్యకు ఏ గడియారం ప్రకారం చనిపోయాడని చెప్పి ఉంటారో అని నేను ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

తద్దినం ఇంకో పది రోజులుందనగా పంతులుగారి దగ్గరికి వెళ్ళాం. ఇక్కడి గుళ్ళో చాలా ఏళ్ళుగా ఉన్నాయన. పాత పంచాంగం వెతికి తీసి, ఇండియా టైముకు రెండున్నర గంటలు కలిపి, వేళ్ళ మీద లెక్క చూసుకున్నారు.

"ఆ రోజు ఇక్కడి పదీ యాభై అయిదు దాకా తదియ అమ్మగారూ. తర్వాత చవితి. మీరన్నట్టు పదకొండూ పది అయితే చవితే."

"పావుగంటలో పోయిందన్న మాట."

"ఈ దేశం వాళ్ళే ఒకప్పుడు గడియారాలు అరగంట ముందుకు జరుపుకున్నారు. మీరొక్కరే కాదు" అని నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నారు. "తెలియక జరిగింది, దోషం లేదు. ఈసారి నుంచి చవితి నాడు పెట్టించండి."

"మరి పన్నెండు మాసికాలూ, ఒక ఆబ్దికమూ ఎవరు తిన్నారు?"

"పితృదేవతలు అందుకుంటారమ్మా."

"ఆయన అందుకోరు పంతులుగారూ. పిలవని రోజున ఒకరింటికి భోజనానికి వెళ్ళే మనిషి కాదు. ఆయనకు మొహమాటం."

మా అబ్బాయి నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఊరుకో" అన్నాడు. పంతులుగారు పంచాంగం మూసి, ఈ ఏటి చవితి తారీఖు ఒక కాగితం మీద రాసిచ్చారు.

ప్రతి నెలా మర్నాడు వచ్చి కూర్చున్న ఆ కాకి సంగతి నేను వాళ్ళిద్దరికీ చెప్పలేదు. గరిటె సంగతి అసలే చెప్పలేదు.

ఆ ఏడు చవితి నాడు తద్దినం సక్రమంగా జరిగింది. గారెలు, పాయసం, ఆయనకు ఇష్టమైన కందా బచ్చలి, అన్నీ చేశాను. మంత్రంలో ఈసారి చవితి అని వినపడింది. ఆయన వచ్చారనే నా నమ్మకం. అంతకు మించి రుజువు అడిగే అర్హత నాకు లేదు.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ ముందు రోజు. ఏడాదిపాటు తదియ నాడు మా ఇంట్లో ఎవరికో పెట్టాం. ఆయన పేరు చెప్పి, ఆయన గోత్రం చెప్పి పిలిచాం. ఆయన రాలేదు. పెట్టిన అన్నం మాత్రం వృథా పోయి ఉంటుందని నేను నమ్మను. పిలిచే దిక్కు లేని ప్రాణం ఏదో, పరాయి పేరుతో పిలిచినా ఫరవాలేదనుకుని వచ్చి తినే ఉంటుంది. దానికి మా ఇల్లు అలవాటైపోయి ఉంటుంది. ఇప్పుడు ఉన్నట్టుండి మానేస్తే?

అందుకని తదియ నాడు కూడా ఒక విస్తరి వేశాను. మంత్రం లేదు, పేరు లేదు. అన్నం, పప్పు, నెయ్యి, చారు. హాల్లో నేల మీద పెట్టాను. నా మనవరాలు బడి సంచి దించుకుంటూ చూసింది.

"తాతయ్యది టుమారో కదా నానమ్మా. దిస్ వన్ ఎవరికి?"

"మనింట్లో తిని వెళ్ళినవాళ్ళకి."

"హూ?"

"తెలీదు. అక్కడ తొక్కకు, ఇటు రా."

ఇద్దరం గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాం. అది హోమ్‌వర్క్ చేసుకుంది. నేను మంచం మీద కూర్చుని హాల్లోకి చెవి పెట్టాను. ఫ్యాను చప్పుడు, దూరంగా ట్రైను వెళ్ళిన చప్పుడు. పిల్ల లెక్కలు పూర్తయ్యాక తలుపు తీశాను. విస్తరిలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. నెయ్యి గడ్డకట్టలేదు, ఈ దేశపు వేడికి గడ్డకట్టదు.

ఇప్పటికీ ఏటా అలాగే పెడుతున్నాను. మా అబ్బాయి చూసీ చూడనట్టు వెళ్ళిపోతాడు. కోడలు నెయ్యి గిన్నె అందిస్తుంది. అన్నం పారెయ్యడం నా చేత కాదు, ఈ వయసులో నేర్చుకోను కూడా. సాయంత్రం దీపం పెట్టాక ఆ విస్తరి ముందు నేనే కూర్చుంటాను. పెళ్ళయిన కొత్తలో ఆయన తిన్న కంచంలో తిన్నాను, అది వేరు. ఇది ఎవరి ఎంగిలో నాకు తెలియదు. చల్లారిన అన్నం కలుపుకుని, ఒక్క మెతుకు మిగలకుండా తింటాను.